పిక్కలో లేని పోగు

ప్లాంటారిస్ అనే కండరం గురించి నేను నా జీవితంలో చాలామందితో పోట్లాడాను. నిజానికి అది పోట్లాడదగ్గ కండరం కాదు. మోకాలి వెనక, బయటి వైపు, తొడ ఎముక చివర చిటికెన వేలంత కండ. దాని కొసన దారంలాంటి తీగ ఒకటి పిక్క పొరల మధ్య ఏటవాలుగా దిగి, మడమ లోపలి పక్కన ఎముకకు అతుక్కుంటుంది. మెడిసిన్ మొదటి ఏడాది పిల్లలు దాన్ని చూసి నరం అనుకుంటారు. అది ఉన్న మనిషీ నడుస్తాడు, లేని మనిషీ నడుస్తాడు. కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఈ సంగతి ఇప్పటి పుస్తకాల్లో ఉంది, అప్పటి పుస్తకాల్లోనూ ఉంది. కాలేజీలో మా ట్యూటరు గారి పుస్తకంలో కూడా ఉండే ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి ఆయన చదివి ఉండరు.

డెబ్బైలలో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల నెలల తరబడి మూతపడిన కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, నేను మెడిసిన్ మొదటి సంవత్సరం. విజయవాడ భవానీపురంలో మా మేనత్త ఇంట్లో ఉండి, పొద్దున్నే రైలెక్కి కృష్ణ దాటి అవతలి ఊళ్లో ఉన్న కాలేజీకి వెళ్లేదాన్ని. ఎంత సబ్బు రుద్దినా చేతులకు శవాలకు పట్టించే ఫార్మలిన్ వాసన పోయేది కాదు. మేనత్త నాకు అన్నం తినడానికి ఒక చెంచా ఇచ్చింది. ఆ చెంచాను మిగతా గిన్నెల్లో కలవకుండా కిటికీలో విడిగా పెట్టేది. అదీ నాకు గుర్తుంది.

రైలు వంతెన మీదికి రాగానే చప్పుడు మారేది. చలికాలం పొద్దుటి పూట కింద మంచు తప్ప నది కనిపించేది కాదు. రైలు నీళ్ల మీదుగా పోతోందో మబ్బు మీదుగా పోతోందో తెలియని ఆ రెండు నిమిషాలూ నేను కళ్లు మూసుకునేదాన్ని. మూసిన కళ్ల వెనక ముందురోజు చూసిన కాలు మెల్లగా తెరుచుకునేది. ముందు చర్మం. దాని కింద పచ్చటి కొవ్వు. ఆ కొవ్వులో పిక్క నడిమి మీదుగా పైకి పోతున్న ఒక నీలపు సిర, దాని పక్కనే తెల్లటి సూరల్ నరం. తర్వాత రెండు తలల గ్యాస్ట్రోక్నీమియస్, మనం బయటినుంచి చూసి పిక్క అనుకునేది అదే. దాన్ని ఎత్తితే కింద వెడల్పుగా సోలియస్. ఆ కింద, ఎవరూ తాకని చోట, టిబియల్ నరం. దాని పక్కన ఎర్ర రంగు ఎక్కించిన ధమని, దానికి అటొకటి ఇటొకటి తోడు సిరలు. అన్నీ కలిసి మడమ వైపు ప్రయాణం చేస్తున్నట్టుండేవి. నేనూ వాటితో దిగుతూ ఉండేదాన్ని. వంతెన అయిపోయి చప్పుడు మారగానే మెలకువ వచ్చేది.

ఆ కాలు ఒక ముసలాయనది. ఆయన ఎవరో మాకు చెప్పలేదు. బాగా నడిచిన మనిషి అని మాత్రం ఆ పిక్కలు చూస్తే తెలిసేది. కుడి కాలు మాది, ఎడమ కాలు ఇంకో జట్టుది. ఒక్కో కాలికి ఇద్దరు. మా పద్ధతి ఏమిటంటే ఒకరు పుస్తకం పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు చదివినట్టు కొయ్యాలి. నాతో ఉన్నది ఉయ్యూరు అమ్మాయి. వాళ్ల నాన్న మిషన్ స్కూలు హెడ్మాస్టరు. ఆమె ఇంగ్లీషు చదువుతుంటే ఆదివారం చర్చిలో వాక్యం చదివినట్టుండేది. అందుకని ఆమె చదివేది, నేను కోసేదాన్ని.

కొయ్యడం నాకు బాగా వచ్చు. మాది నేతపని చేసే ఇల్లు. బట్ట మగ్గం దిగాక దాని మీద వేలాడే పోగులు, ముళ్ల కొసలు కత్తెరతో తీసేసి నున్నగా చెయ్యడం ఇంట్లో ఆడపిల్లల పని. ఎనిమిదో ఏట నుంచి చేశాను. ఆ చెయ్యి ఊరుకోదు. కండరాల మీది సాలెగూడులాంటి పొరను, పిచ్చి పోగులను ఏరి ఏరి తీసేసేదాన్ని. ట్యూటరు గారు మొదటి వారంలో అందర్నీ మా బల్ల దగ్గరికి పిలిచి చూపించారు.

“చూడండి, డిసెక్షన్ అంటే ఇలా ఉండాలి. ఏమ్మాయ్, మీది నేతపనా? అదీ సంగతి. చెయ్యి తెలుస్తోంది.”

ఆ మెప్పును కూడా నేను మర్చిపోలేదు. ఎందుకంటే తర్వాత దాంతోనే నన్ను కొట్టారు.

బుధవారం నాడు నేను ఒక తప్పు చేశాను. మోకాలి బయటి వైపు నుంచి సన్నటి తెల్ల పోగు ఒకటి అడ్డంగా వచ్చి సూరల్ నరం వైపు పోతోంది. పిచ్చి పోగే అనుకుని కత్తెర వేశాను. వేశాక తెలిసింది, అది నరం కొమ్మ. తెగిన కొసలు రెండూ చెరోవైపుకు వాలాయి. ఉయ్యూరు అమ్మాయి అప్పుడే పేజీ తిప్పుతోంది. నేను ఆ రెండు కొసలనూ కొవ్వు కిందికి దోపేశాను. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం గ్యాస్ట్రోక్నీమియస్ ఎత్తాం. ఆమె ప్లాంటారిస్ గురించి చదివింది. నేను వెతికాను. ఆమె కూడా పుస్తకం కింద పెట్టి, వంగి, వేలితో వెతికింది. లేదు. “లేదే,” అంది ఆమె. “లేదు,” అన్నాను నేను. అక్కడికి ఆ విషయం అయిపోయిందనుకున్నాం.

మధ్యాహ్నం ట్యూటరు గారు వచ్చారు.

“ఏమ్మాయ్, ప్లాంటారిస్ ఏది?”

“లేదు సార్.”

“లేదంటే?”

“ఈ కాలికి లేదు సార్. వెతికాం.”

“వెతికారా! ఏం, వన్ టౌన్‌లో తప్పిపోయిన పిల్లాడా వెతకడానికి?”

హాలంతా నవ్వారు. ఆయన అవతలి వైపుకు వెళ్లి, ఎడమ కాలిలో ఉన్న ప్లాంటారిస్ తీగను పట్టకారుతో పైకెత్తి పట్టుకున్నారు.

“ఇదిగో. ఇదేమిటి మరి? దేవుడు ఈ కాలికి పెట్టి ఆ కాలికి మర్చిపోయాడా? నీ క్లీనింగ్ పిచ్చి నాకు తెలుసమ్మా. శుభ్రం చేసి చేసి బకెట్లో వేసుంటావు.”

“నేను కొయ్యలేదు సార్. ఒకసారి చూడండి...”

“చూసేదేముంది?” ఆయన ఉయ్యూరు అమ్మాయి వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. కోసిందా లేదా?”

ఆమె పుస్తకంలోకి చూసింది. ఆ పేజీలో నా పేరేమీ లేదు.

“నేను చదువుతున్నాను సార్. చూళ్లేదు.”

ఆయన నా రికార్డులో ఎర్ర సిరాతో, అజాగ్రత్త వల్ల పోగొట్టింది అని ఇంగ్లీషులో రాశారు. సోమవారానికి నేను ఒక ఉత్తరం రాసి తేవాలన్నారు. ప్లాంటారిస్‌ను అజాగ్రత్తగా కోసి పారేశానని, క్షమించమని. తెస్తే కాలి పరీక్షకు సంతకం పెడతారు. తేకపోతే సంతకం లేదు. సంతకం లేకపోతే ఆ పరీక్ష లేదు, నేను వెనక బ్యాచ్‌లోకి పోవాలి. అంటే ఆరు నెలలు పోయినట్టే.

శనివారం సాయంత్రం మేమిద్దరం విజయవాడలో ఒకే బస్సెక్కాం. ఆమె ఉయ్యూరులో దిగుతుంది. నేను ఇంకాస్త ముందుకు పోయి కాలవ గట్టు మీద మా పేట దగ్గర దిగుతాను. ఆమె నా పక్కనే కూర్చుంది.

“రాసిచ్చెయ్యవే. రెండు లైన్లు. ఎవరడుగుతారు తర్వాత?”

“లేదని నువ్వు చూశావుగా.”

“చూశా. అయితే? ఆయనతో నాకూ ఏడాదంతా పనుందా లేదా?”

“రేపు చర్చికి వెళ్తావుగా. అక్కడా చెప్పు, చూళ్లేదని.”

“అమ్మో, నీ నోరు! దానికి ముందు ప్లాస్టర్ వెయ్యాలి.” ఆమె నవ్వి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం నా ముందు పెట్టింది. “తిను.”

నేను కిటికీ వైపు తిరిగాను. ఆకలి వేస్తూనే ఉంది. చెరుకు దించిన బళ్లు వరసగా ఎదురొస్తున్నాయి, ఎడ్లు నిద్రలో నడుస్తున్నట్టు నడుస్తున్నాయి. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర పడేకొద్దీ చెరుకు మడ్డి వాసన గాలిలో చిక్కబడింది. ఆమె ఉడికిన కాయలు ఒలుచుకుంటున్న చప్పుడు వింటూ నేను కళ్లు మూసుకున్నాను. ఈసారి వచ్చిన కాలు మాది కాదు. దాన్నిండా ప్లాంటారిస్‌లే, ఒకదాని పక్కన ఒకటి, మగ్గం మీది పడుగులా పరిచి ఉన్నాయి. నా చేతిలో కత్తెర ఉంది. ఏది పిచ్చి పోగో తెలియడం లేదు.

ఆదివారం పొద్దున నాన్న మగ్గంలో కూర్చున్నాడు. మాది గుంట మగ్గం. మనిషి గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి, కింద ఉన్న పలకలు తొక్కుతాడు. గుంట పక్కన నేల మీద బోర్లా పడుకుంటే ఆయన కాళ్లు కనిపిస్తాయి. చిన్నప్పుడు అలాగే పడుకునేదాన్ని. ఆ రోజూ పడుకున్నాను. పేడతో అలికిన నేల చల్లగా తగిలింది. పైకప్పు సందులోంచి పడిన వెలుతురు గుంటలోకి జారి ఆయన పిక్కల మీద కదులుతోంది.

కుడి కాలు తొక్కాడు. పిక్క బిగిసింది. నడిమి గాడి చీలి, రెండు తలలూ విడివిడిగా తేలాయి. ఎడమ కాలు తొక్కాడు. కుడి పిక్క వదులై కిందికి వేలాడింది. బిగిసినప్పుడల్లా లోపల సోలియస్ తన సిరల్లో నిలిచిన రక్తాన్ని గుండె వైపు తోస్తుందని నాకు తెలుసు. ఇంతకాలం ఆ కాళ్లు బట్ట నేస్తున్నాయనే అనుకున్నాను. అవి ఆయన రక్తాన్ని కూడా పైకి తోడుతున్నాయి. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడుకు తగ్గట్టు నేను ఒక్కో పొర పేరూ లోపల అనుకుంటూ పోయాను. అలా ఎంతసేపు పడుకున్నానో తెలియదు.

“ఏంటమ్మా, మొహం అట్టా పెట్టుకున్నావు?” మగ్గం ఆపకుండానే అడిగాడు నాన్న.

చెప్పాను. బుధవారం సంగతి తప్ప అంతా చెప్పాను.

“పోగు తెంపావంటున్నాడా ఆయన?”

“తెంపి పారేశానంట.”

“మరి కొసలేవి?”

“ఏం కొసలు?”

“తెగిన పోగుకి రెండు కొసలుంటయ్ గదమ్మా. మధ్య ముక్క నువ్వు పారేసినా కొసలు ఎక్కడికి పోతయ్? కొసల్లేవంటే అసలు ఎక్కించలేదని.”

మగ్గం ఉన్న ఇంట్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పాత పడుగు అయిపోగానే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. ఒకటి మర్చిపోతే, బట్ట పొడుగూతా ఆ చోట సన్నటి సందు వస్తుంది. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. కానీ దాన్ని ఎవరూ తెగిందనరు. తెగింది వేరు. తెగితే కొస దొరుకుతుంది, ముడి వేస్తాం, ముడి చేతికి తగులుతుంది. ఇంత మామూలు సంగతి నాకు కాలేజీలో ఎందుకు తట్టలేదో!

“ఆయనకి చూపిచ్చు. చేత్తో తడుముకోమను.”

“ఆయన చూడడు నాన్నా.”

“ఆయన పైన ఇంకొకాయన ఉంటాడుగా. లోకంలో పైన ఇంకొకడు లేనోడెవడు?” నాన్న నాడె విసిరి, మళ్లీ అందుకుని, అన్నాడు: “నువ్వు మాత్రం ఇంకేం తెంపలేదుగా?”

ఆయనకు ఏమీ తెలియదు. నేను కత్తెర పట్టుకుని కూర్చున్న ప్రతిసారీ, నా ఎనిమిదో ఏట నుంచి, ఆయన అడిగే మాట అది. నేను గోటితో నేల గీశాను. ఆయన కాళ్లు ఒక్క క్షణం పలకల మీద ఆగాయి. తర్వాత మళ్లీ కదిలాయి.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. లేని కండరం నేను కొయ్యలేదని చూపించడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే, నేను కోసిన నరం. నేను కోస్తే ఏం మిగులుతుందో చూపించే ఆ రెండు కొసలు. వాటిని బయటికి తీస్తే ఉత్తరం రాయక్కర్లేదు. కానీ నరం కోసి దాచినందుకు సెలవుల్లో వచ్చి కాలు మొత్తం మళ్లీ కొయ్యమంటారు. అబద్ధం రాసిస్తే రెండు లైన్లతో పోతుంది. నిజం చెబితే సెలవులు పోతాయి. చాలామందికి ఇందులో ఆలోచించాల్సిందే ఉండదు. నాకూ లేకపోయింది. ఆ ఉత్తరం ఆయన ఫైల్లో నా చేతిరాతతో ఉంటుందన్న ఊహకే నాకు ఒళ్లు మండింది.

సోమవారం ట్యూటరు గారి దగ్గరికి పోకుండా తిన్నగా ప్రొఫెసరు గారి గదికి వెళ్లాను. అందరూ ఆయన్ని పెద్ద సార్ అనేవాళ్లు. సంగతి ఆయన దాకా వచ్చే ఉంది.

“ఏమ్మా, లెటర్ తెచ్చావా?”

“లేదు సార్. కాలు చూద్దురుగాని, రండి.”

ఆయన నన్ను ఒకసారి చూసి, కళ్లజోడు పెట్టుకుని లేచారు. మా బల్ల చుట్టూ అందరూ మూగారు. ట్యూటరు గారూ వచ్చారు. ఉయ్యూరు అమ్మాయి పుస్తకం గుండెలకు అదుముకుని కాలి చివర నిలబడింది.

నేను మోకాలి వెనక ఎముక గట్టు చూపించాను. మడమ లోపలి పక్క చూపించాను. “తెగితే రెండుచోట్లా కొసలు మిగలాలి సార్. లేవు.”

“కొసలు కూడా గీకేసుంటుంది సార్,” అన్నారు ట్యూటరు గారు. “ఈ అమ్మాయి క్లీనింగ్ మీకు తెలీదు.”

నేను పట్టకారు తీసుకుని కొవ్వు పక్కకు నెట్టాను. దోపిన కొసలు రెండూ బయటికి వచ్చాయి. ఒకదానికొకటి ఎదురుగా, మధ్య వేలెడు ఖాళీతో పెట్టాను.

“నేను కోస్తే ఇలా ఉంటుంది సార్. ఇది సూరల్‌లో కలిసే కొమ్మ. బుధవారం కోశాను. ఎవరికీ చెప్పలేదు. దీన్ని కోసింది నేనే, ప్లాంటారిస్‌ను కాదు.”

ఎవరూ నవ్వలేదు. పెద్ద సార్ వంగి, ఎముక గట్టు మీద చూపుడు వేలితో మెల్లగా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తడిమారు. ఆ తడమడం ఎంతో సేపు సాగింది. తర్వాత మడమ దగ్గర తడిమారు. కళ్లు మూసుకుని తడిమారు. ఆ వేలి కింద ఆ ముసలాయన కాలు ఒప్పుకున్నట్టుగా పడుకుని ఉంది.

“దీనికి పుట్టుకతోనే లేదయ్యా.” ఆయన ట్యూటరు గారి వైపు తిరిగారు. “మీరు చూశారా?”

“ఎడమ కాలికి ఉంది కదా సార్, అందుకని...”

“నేనడిగింది కుడి కాలు.”

పెద్ద సార్ నా వైపు తిరిగారు.

“నరం కోసి దాచావు. ఆయన నీ మీద వేసిన తప్పు కంటే ఇది పెద్దది. తెలుసా?”

“తెలుసు సార్.”

“కొత్త కాలు ఇస్తారు. మొదటినుంచి మళ్లీ. సెలవుల్లో రా. అది చూసి సంతకం నేను పెడతాను.”

“లెటర్ సార్?”

“లెటరెందుకు? నోటితో చెప్పావుగా.”

ట్యూటరు గారు రికార్డులో తన మాట మీద ఒక గీత గీశారు, కింద మాట స్పష్టంగా కనిపించేంత సన్నగా. చాలా ఏళ్ల తర్వాత వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టు ముందు కనిపించారు. “బాగున్నావామ్మా? ఏ బ్యాచ్ నువ్వు?” అని ఆప్యాయంగా అడిగారు. ఆయనకు నేను గుర్తు లేను, ఆ కాలూ గుర్తు లేదు. అది నన్ను రెండోసారి అవమానించినట్టే అయింది.

సెలవుల్లో డిసెక్షన్ హాలు ఖాళీగా ఉండేది. పొడుగాటి కిటికీల్లోంచి ఎండ బల్లల మీదుగా జరుగుతూ పోయేది, పావురాలు పైన కూసేవి. కొత్త కాలు ఒక ఆడమనిషిది, చిన్న పాదం, వేలికి మెట్టె పెట్టుకున్న గుర్తు. రెండు రోజులు ఒక్కదాన్నే చేశాను. ఒక చేత్తో కోస్తూ ఇంకో చేత్తో పేజీలు తిప్పుతుంటే పుస్తకమంతా జిడ్డయింది. మూడో రోజు పొద్దున తలెత్తేసరికి ఉయ్యూరు అమ్మాయి ఎదురుగా ఉంది. బస్సూ రైలూ మారి వచ్చిందట. ఎవరూ రమ్మనలేదు. నేనైతే అసలు రమ్మనలేదు.

“ఇవ్వు,” అని పుస్తకం లాక్కుంది. “ఎంతవరకొచ్చావు?”

నేను కత్తెర అందుకున్నాను. ఆమే వంగి కాలు చూసి, పేజీ వెతుక్కుని, పైకి చదవడం మొదలుపెట్టింది. ఖాళీ హాల్లో ఆ గొంతు గుండ్రంగా తిరిగింది. నేను కోస్తూ పోయాను. సిర దాటాం, నరం దాటాం. బయటి వైపు నుంచి వచ్చే ఆ సన్నటి కొమ్మ దగ్గరికి రాగానే ఆమె చదవడం ఆపింది.

“జాగ్రత్తే. అదిగో, నీ చుట్టం.”

“కనిపిస్తోంది.”

“నాక్కూడా కనిపిస్తోందిలే. ఈసారి నేను చూస్తూనే ఉన్నా.”

ఆ మాటను ఆమె క్షమాపణ అనుకుని ఉంటుంది. నేను అలా అనుకోలేదు. ఆ కొమ్మను పట్టకారుతో మెల్లగా ఎత్తి, చుట్టూ ఉన్న కొవ్వు తీసి, ఉన్నచోటే వదిలేశాను. తర్వాత పేజీ తిప్పమన్నాను.